గేటు దగ్గర మలుపు

2002 డిసెంబరు 14, శనివారం. ఉదయం ఆరూ నలభైకి అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారి సోమేశ్వరరావు ఇంటి గేటు దగ్గర ఆయన కారు ఆగిపోయింది. ఇంజను నడుస్తోంది. ముందు బంపరుకూ గేటు స్తంభానికీ మధ్య జానెడు దూరం ఉంది. స్టీరింగు తిరగలేదు. డ్రైవరు సీట్లో ఆయన భార్య గంగాదేవి ఉన్నారు.

ఆ మలుపు తిరిగితే కారు ఇంట్లో ఉంటుంది. తిరగకపోతే రాజమండ్రి నుంచి వచ్చే మనిషి తీసుకుపోతాడు. ఇరవై రోజుల కిందట భార్యాభర్తలు కుదుర్చుకున్న ఒప్పందం అది.

కారు 1961లో ఇంగ్లండులో తయారైంది. రెండు సీట్లు. పైన టాపు లేదు. కాకినాడ రేవులో పనిచేసిన ఒక ఇంజనీరు 1974లో ఉద్యోగం మానేసి స్వదేశానికి వెళ్తూ దాన్ని సోమేశ్వరరావుకు అమ్మారు. అంబాజీపేటలో దాని పేరు టాపులేని కారు. దాన్ని కొబ్బరిచెట్టు కింద నిలపరు. ఎందుకని ఎవరూ అడగరు. సోమేశ్వరరావు ఇల్లు, నూనె మిల్లు, ఎండిన కురిడీ కాయలు నిలవచేసే కొట్టు ఒకే ప్రహరీలో ఉన్నాయి. కారు కొట్టులో కాయల పక్కన ఉంటుంది. ప్రతి శనివారం భార్యాభర్తలు అందులో అప్పనపల్లి వెళ్లి బాలబాలాజీని చూసి వచ్చేవారు.

ఆ సెప్టెంబరులో సోమేశ్వరరావు కుడి భుజం పట్టేసింది. ఆయన వయసు అరవై మూడు. భుజానికి కొబ్బరినూనె రాశారు. ఆ ఇంట్లో తలుపు కిర్రుమన్నా, సైకిలు చైను మొరాయించినా, తాళం తిరగకపోయినా మందు అదే. మిల్లు ఆయనది. భుజం తగ్గలేదు. అక్టోబరు 12న ముక్కామల దగ్గర కారు రోడ్డు దిగి కొబ్బరి పీచు గుట్టలోకి వెళ్లింది. తానే ఆపానని సోమేశ్వరరావు అంటారు. అదే ఆగిందని గంగాదేవి అంటారు. కారును బయటికి లాగడానికి ఆరుగురు పట్టారన్న విషయంలో ఇద్దరికీ భేదాభిప్రాయం లేదు.

“ఇంక దీన్ని పంపించేద్దామండీ,” అన్నారు గంగాదేవి ఆ రోజు. “రాజమండ్రి దుర్గాశ్రీనివాస్ రెండేళ్ల నుంచి అడుగుతున్నాడు.”

“వాడు హోటలు ముందు పెట్టి, పెళ్లికొడుకుల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీయిస్తాడంట గంగా.”

“మీరు నన్ను పీచులో కూర్చోబెట్టేరు. ఆ పెళ్లికొడుకుల బతుకే నయం.”

“మరి శనివారం అప్పనపల్లి?”

“ఊళ్లోవాళ్లందరూ ఎలా వెళ్తన్నారు? బస్సులో.”

ఆరు శనివారాలు బస్సులో వెళ్లారు. సోమేశ్వరరావు కిటికీ పక్కన కూర్చునేవారు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, బస్సు ఎటు తిరిగితే అటు తిప్పేవారు. ముందు సీట్లోవాళ్లు ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. గంగాదేవి మొదటి శనివారం నుంచే చూస్తున్నారు.

నవంబరు 24న, ఆదివారం, ఆమె తన షరతు చెప్పారు. ఆమె ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి ముందటేడు రిటైరయ్యారు. పుట్టింటి అంబాసిడర్ మీద డ్రైవింగు నేర్చుకున్నారు, లైసెన్సు ఉంది. ఇరవై ఎనిమిదేళ్లలో టాపులేని కారు స్టీరింగు మాత్రం ఆమె చేతికి రాలేదు.

“మీ భుజం వల్ల కాదు కాబట్టి నేను నడుపుతాను. నా చేతికి తిరిగితే ఉంటుంది, తిరక్కపోతే పోతుంది. డిసెంబరు 14, శనివారం పొద్దున్న, మన గేటు దగ్గర కుడి మలుపు. ఒక్కసారే. వెనక్కి తీసి మళ్లీ తిప్పడాలు లేవు.”

“మూడు వారాలేనా?”

“టెన్తు పిల్లలకి అంతకన్నా ఎక్కువ ఇచ్చేదాన్ని కాదు.”

“ఆయ్,” అన్నారు సోమేశ్వరరావు.

26న ఏసుదాసు వచ్చారు. ఆయనకు అమలాపురం రోడ్డులో షెడ్డు ఉంది. జీపులు, ట్రాక్టర్లు బాగుచేస్తారు. ఆయన కూతురు గంగాదేవి దగ్గర చదువుకుంది. ఆయన కారులో కూర్చుని స్టీరింగు అటూ ఇటూ తిప్పి, దిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగారు.

“స్టీరింగు ఎప్పట్నుంచి బరువండి?”

“మొదట్నుంచీ అంతేనయ్యా. దొర కారు, రేసు కారు. బరువుంటేనే పట్టు.”

“ఎనభై అయిదు నుంచి,” అన్నారు గంగాదేవి.

1985లో సోమేశ్వరరావు ఒక పత్రికలో బొమ్మ చూసి, కారుతో వచ్చిన స్టీరింగు చక్రం తీసేసి చిన్నది పెట్టించారు. 1996లో సన్న టైర్లు తీసేసి వెడల్పువి వేయించారు. తేదీలు గంగాదేవికి గుర్తున్నాయి.

“చక్రం చిన్నదైతే బలం ఎక్కువ పెట్టాలండి,” అన్నారు ఏసుదాసు. “బిగిసిన బోల్టుకి పొట్టి రెంచీ వేస్తామా, పొడుగు రెంచీ వేస్తామా? అదే లెక్క. టైరు వెడల్పయితే నేలని ఎక్కువ పట్టుకుంటాదండి.”

“అందం వస్తుందనీసి పెట్టించేనయ్యా.”

“వచ్చిందండి. దాని వెనకాలే బరువూ వచ్చింది.”

పాత చక్రం అటక మీద దొరికింది. పదిహేడేళ్లుగా దాని మీద అప్పడాల గుడ్డ ఆరుతోంది. ఏసుదాసు దాన్ని తుడిచి బిగించారు. వెడల్పు టైర్లు విప్పి సన్నవి వేశారు, గాలి సరిచూశారు. ముందు చక్రాలు తిరిగే కింగ్ పిన్నులు విప్పితే లోపల గ్రీజు ఎండి రాయిలా ఉంది. గోకి, కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు పట్టించారు. స్టీరింగ్ బాక్సు కడిగి గేరాయిలు పోశారు. దారం కట్టి ముందు చక్రాల వరస సరిచేశారు. డిసెంబరు 12, గురువారం సాయంత్రం నాలుగింటికి పని ముగిసింది.

గంగాదేవి పెరట్లో రెండు చుట్లు నడిపారు.

“ఎలా ఉందండి మేడమ్?” అన్నారు ఏసుదాసు.

“బాగుంది ఏసుదాసు గారూ. కొంచెం బరువే గానీ, తిరుగుతోంది. గేటు మలుపుకి చాలు.”

ఈ జవాబులో సోమేశ్వరరావు విన్నది రెండు మాటలు: కొంచెం బరువే.

శుక్రవారం ఏసుదాసు ఓడలరేవులో పెళ్లికి వెళ్లారు. గ్రీజు పంపు కొట్టులో వదిలి వెళ్లారు. ఆ మధ్యాహ్నం గంగాదేవి బజారుకు వెళ్లి మూడున్నరకు తిరిగి వచ్చారు. కొట్టులోంచి భర్త కేకేశారు.

“గంగా, ఓసారిలా రా. ఒక్క వేలుతో తిప్పు.”

ఆమె సంచి కింద పెట్టి తిప్పారు. తిరిగింది.

“నిన్నటికన్నా తేలికైందేంటండీ?”

“గ్రీజు సర్దుకుంటుంది కదా.”

“మీ చొక్కాకి ఏంటా మరక?”

“చెమట.”

ఆమె సంచి తీసుకుని లోపలికి వెళ్లారు.

ఆ వారం చలి ఎక్కువగా ఉంది. శనివారం తెల్లవారేసరికి మంచు కురిసి కారు సీట్లు తడిశాయి. గంగాదేవి అయిదింటికి లేచి, తలనూనె కరిగించుకోవడానికి నీలం ప్లాస్టిక్ డబ్బా పొయ్యి దగ్గరికి తెచ్చారు. కదిపి చూస్తే నూనె పేరుకోలేదు. మూత తీసి వాసన చూశారు. మూత పెట్టేశారు. ఎవరితోనూ అనలేదు. ఆరున్నరకు కారెక్కారు. సోమేశ్వరరావు గేటు తీసి పక్కన నిలబడ్డారు.

కొట్టు నుంచి గేటు దాకా దారి తిన్నగా ఉంటుంది. అక్కడిదాకా కారు వచ్చింది.

“తిప్పు గంగా, తిప్పు!”

“తిప్పుతున్నానండీ.”

“నిన్న వేలుతో తిరిగింది కదా!”

“నిన్న వేలుతో తిరిగింది. ఇవాళ రెండు చేతులూ వేసి నేను మొత్తం తిరిగిపోతున్నాను, అది తిరగట్లేదు.”

ఆమె బ్రేకు వేసి, ఇంజను ఆపి, దిగి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టారు. తర్వాత ఏసుదాసుకు ఫోను చేశారు.

ఏసుదాసు స్కూటరు మీద ఏడూ ఇరవైకి వచ్చారు. పెళ్లి చొక్కాతోనే ఉన్నారు.

“ఏం పని చేసేవయ్యా ఇది?” అన్నారు సోమేశ్వరరావు. “గురువారం తిరిగింది, శనివారానికి బిగిసిపోయింది. నా పరువు పోయింది.”

“నేను వదిలినప్పుడు తిరిగిందండి.”

“అదే నేనూ అంటున్నాను. వదిలేసేవు.”

ఏసుదాసు కారు ముందు వంగారు. జాకీ పెట్టి ముందు చక్రాలు నేల మీంచి లేపారు. అయినా స్టీరింగు బరువుగానే ఉంది. బానెట్ ఎత్తారు. అప్పటికి ఏడూ నలభై అయిదు. గేటు బయట లారీ ఆగింది. దుర్గాశ్రీనివాస్ దిగారు. ఆయన వెంట నలుగురు మనుషులు, పూలదండ, నిమ్మకాయలు ఉన్నాయి.

“పదింటికి కదయ్యా వస్తానన్నావు,” అన్నారు సోమేశ్వరరావు.

“తొమ్మిదింటి నుంచి రాహుకాలం అండి బాబాయి గారూ. ఈలోగా ఎక్కించేసుకుంటే మంచిదనీసి. ఏంటి, తిరగట్లేదా? ఫర్వాలేదండి, మాకు తిరక్కపోయినా సరిపోతుంది. ఒకసారి పెట్టేక ఇంక కదల్దు. చుట్టూ గడ్డి కూడా వేయిస్తన్నాం.”

“గడ్డి?”

“పచ్చగా ఉంటుందండి ఫొటోలో. డిక్కీలో క్రోటన్లు పెడతాం.”

సోమేశ్వరరావు కారు తలుపు మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి తీయలేదు.

ఏసుదాసు స్టీరింగ్ బాక్సు మూత విప్పి స్క్రూడ్రైవరు లోపలికి పెట్టి బయటికి తీశారు. దాని కొనకు తెల్లటి ముద్ద అంటుకుని వచ్చింది. మళ్లీ పెట్టి తీశారు. మళ్లీ ముద్దే వచ్చింది. ఆయన దాన్ని వెలుతురులో పట్టుకుని చూశారు.

“నేను పోసింది గేరాయిలండి. నల్లగా ఉంటాది, కంపు కొడతాది. ఇది తెల్లగా ఉందండి.”

గంగాదేవి దగ్గరికి వచ్చారు. ఏసుదాసు కింగ్ పిన్ను దగ్గర వేలితో తుడిచారు. అక్కడా తెల్లగానే ఉంది.

“ఎవరో డాల్డా పెట్టేరండి,” అన్నారు ఏసుదాసు.

దుర్గాశ్రీనివాస్ వంగి చూశారు. “డాల్డానే. హోటల్లో నేను రోజూ చూసేదే కదా. ఎవరో గిట్టనోళ్లు చేసుంటారు బాబాయి గారూ.”

“ఇడ్లీ పిండి కూడా ఇలాగే ఉంటదండి,” అన్నారు లారీ మనుషుల్లో ఒకరు.

“కాదెహే, డాల్డా. చూడు, గరుగ్గా లేదూ?” అన్నారు దుర్గాశ్రీనివాస్.

“డాల్డా ఏంటయ్యా, డాల్డా!” అన్నారు సోమేశ్వరరావు. ఆయన స్క్రూడ్రైవరు లాక్కుని దుర్గాశ్రీనివాస్ ముక్కు దగ్గర పెట్టారు. “వాసన చూడు! హోటలు నడుపుతావు, వాసన తెలీదా నీకు? గానుగలోంచి నిన్న వచ్చిన సరుకు. నలభై ఏళ్ల నుంచి చెప్తున్నాను ఈ ఊళ్లో, చలికి పేరుకుంటేనే అది నూనె, పేరుకోనిది నూనె కాదు. ఒక్క చుక్క కల్తీ ఉందేమో చూపించు!”

దుర్గాశ్రీనివాస్ వాసన చూశారు.

“నిన్నటి సరుకని మీకెలా తెలుసండీ?” అన్నారు గంగాదేవి.

సోమేశ్వరరావు స్క్రూడ్రైవరు ఏసుదాసుకు తిరిగి ఇచ్చారు.

శుక్రవారం ఏం జరిగిందో అప్పుడు బయటపడింది. మధ్యాహ్నం రెండింటికి ఆయన బాక్సు మూత విప్పి, రబ్బరు గొట్టంతో గేరాయిలు లాగేసి, గరాటు పెట్టి కొబ్బరినూనె పోశారు. గ్రీజు పంపులో కూడా కొబ్బరినూనె నింపి కింగ్ పిన్నులకు కొట్టారు. మూడింటి వేడికి స్టీరింగు వేలితో తిరిగింది.

“కొంచెం బరువే అన్నావు కదా గంగా. ఆ కొంచెం కూడా లేకుండా చేద్దామనీసి.”

“నలభై ఏళ్ల నుంచి ఊరందరికీ చలికి పేరుకుంటుందని మీరే చెప్తన్నారు.”

“సీసాలో పేరుకుంటుందని చెప్పేను. కార్లో ఎప్పుడూ పొయ్యలేదు కదా.”

“నా గేరాయిలు పారబోసేరా అండి?” అన్నారు ఏసుదాసు.

“పారబొయ్యలేదయ్యా. ఖాళీ డబ్బా ఉంటే దాన్లో పోసి వంటింటి గూట్లో పెట్టేను. నీలం డబ్బా.”

“అది ఖాళీ డబ్బా కాదు, అడుగున నూనె ఉంది,” అన్నారు గంగాదేవి. “నా తలనూనె డబ్బా.”

సోమేశ్వరరావు ఆమె తల వైపు చూశారు.

“రాసుకోలేదు లెండి. పొద్దున్న వాసన చూసి మూత పెట్టేసేను.”

“మరి నాతో అనలేదేం?”

“మిల్లు నూనె కల్తీ అయిపోయిందనుకున్నాను. చెప్తే తట్టుకోలేరని ఊరుకున్నాను.”

దుర్గాశ్రీనివాస్ గడియారం చూసుకున్నారు. ఎనిమిదీ పది. “అయితే బాబాయి గారూ, రాహుకాలం వచ్చేలోగా మనం—”

“ఆగు బాబూ,” అన్నారు గంగాదేవి. “ఈ పరీక్ష చెల్లదు.”

“ఒక్కసారే అన్నారంట కదండీ పిన్నిగారూ.”

“నేను పరీక్ష పెట్టింది ఏసుదాసు గారు చేసిన స్టీరింగుకి. రాత్రికి రాత్రి ప్రశ్నపత్రం మారిపోయింది. అలా మారితే మా స్కూల్లో రద్దు చేసి మళ్లీ పెట్టేవాళ్లం. రాహుకాలం పదిన్నరకి వెళ్తుంది. పదకొండింటికి అదే గేటు, అదే మలుపు. అప్పుడు తిరక్కపోతే నువ్వు దండ వేసి తీసుకెళ్లు.” ఆమె భర్త వైపు తిరిగారు. “మీరు అరుగు మీద కూర్చోండి. అక్కణ్ణుంచి దిగకూడదు.”

“నీళ్లు తాగడానికి—”

“నేను తెస్తాను.”

లారీతో వచ్చిన నలుగురూ కారును వెనక్కి తోసి ఎండలో పెట్టారు. తొమ్మిదిన్నరకు బాక్సులో నూనె కరగడం మొదలైంది. ఏసుదాసు అడుగు ప్లేటు విప్పి నూనె పళ్లెంలోకి దింపారు. కింగ్ పిన్నులకు కొత్త గ్రీజు పంపుతో కొడుతుంటే తెలుపు బయటికి వచ్చి, తర్వాత గ్రీజు వచ్చేదాకా కొట్టారు. బాక్సును రెండుసార్లు కిరసనాయిలుతో కడిగారు. డబ్బాలోని గేరాయిలులో తలనూనె కలిసిందని దాన్ని పక్కన పెట్టి, షెడ్డు నుంచి కొత్తది తెప్పించి పోశారు.

పది గంటలప్పుడు సోమేశ్వరరావు అరుగు దిగారు. గంగాదేవి చూశారు. ఆయన లోపలికి వెళ్లి టీ గ్లాసు తెచ్చి ఏసుదాసుకు ఇచ్చారు.

“నిన్ను అనకుండా ఉండాల్సిందయ్యా.”

“ఫర్వాలేదండి.”

“చొక్కా పాడైపోయింది నీది.”

“మీ నూనేనండి. ఉతికితే పోతాదా?”

“నా నూనె మరక పోదయ్యా,” అని సోమేశ్వరరావు మళ్లీ అరుగెక్కారు.

పదకొండుకు గంగాదేవి కారెక్కారు. గేటు దాకా తిన్నగా వచ్చారు. అరుగు మీద సోమేశ్వరరావు లేచి నిలబడి రెండు చేతులూ ముందుకు చాపారు. ఆమె స్టీరింగు కుడికి తిప్పినప్పుడు ఆయన చేతులూ కుడికి తిరిగాయి. నొప్పెట్టే భుజం కూడా తిరిగిందని ఏసుదాసు తర్వాత చెప్పారు. గేటు స్తంభానికి తగలకుండా కారు రోడ్డెక్కింది.

“ఎలా ఉందండి మేడమ్?” అని ఏసుదాసు అరిచారు.

“కొంచెం బరువే,” అన్నారు గంగాదేవి. తర్వాత అరుగు వైపు చూశారు. “అలాగే ఉండనివ్వండి. ఎవరూ ఏమీ పొయ్యకండి.”

దుర్గాశ్రీనివాస్ పూలదండను కారు ముందు కట్టారు. తెచ్చింది వెనక్కి తీసుకెళ్తే మంచిది కాదన్నారు. నిమ్మకాయలు టైర్ల కింద పెట్టారు. హోటలుకని నాలుగు డబ్బాల కొబ్బరినూనె లారీలోకి ఎక్కించుకున్నారు. ఎక్కించేముందు ఒక డబ్బా మూత తీసి, పేరుకుని ఉందో లేదో చూశారు. ఉంది.

పదకొండున్నరకు కారు అంబాజీపేట నుంచి బయలుదేరింది. గన్నవరం అక్విడక్టు వంతెన మీద కొబ్బరి లోడు ట్రాక్టరు ఎదురొస్తే గంగాదేవి పక్కకు తిప్పి ఆపి, అది వెళ్లాక మళ్లీ తిప్పారు. ఆ రెండుసార్లూ సోమేశ్వరరావు తన చేతులు ఒళ్లోనే పెట్టుకున్నారని గంగాదేవి అన్నారు. పెట్టుకోలేదని ట్రాక్టరు డ్రైవరు అన్నాడు.

పన్నెండూ నలభైకి కారు అప్పనపల్లి చేరింది. కొబ్బరిచెట్లు లేని చోట నిలిపారు. కారు తాళంచెవి, కొట్టు తాళంచెవి రెండూ గంగాదేవి చేతిసంచిలో ఉన్నాయి.